ఓనర్లు ఇద్దరు

నవ్వుకుంటే నవ్వుకోండి. మధ్యలో మాత్రం ఆపకండి. ఇది నా కళ్ళ ముందు జరిగింది. దీనికి సాక్షి ఒక్కడే... వాడు ఇప్పుడు నాతో మాట్లాడడు.

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులు. మా యూనివర్సిటీ క్యాంపస్‌లో టియర్ గ్యాస్ పేలితే తార్నాకలో కళ్ళు మండేవి. హాస్టల్ విద్యార్థుల వెబ్‌సైట్ నేను చూసుకునేవాణ్ణి. దానికి సర్వర్‌లో చోటిచ్చింది నా క్లాస్‌మేట్ సుధాకర్. వాళ్ళది గోదావరి వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన కుటుంబం. మేడ మీద గదిలో కూర్చుని వెబ్‌సైట్లకి చోటు అద్దెకిచ్చే చిన్న హోస్టింగ్ వ్యాపారం చేసేవాడు. ఒకే సర్వర్ మీద నలభై సైట్లు. అపార్ట్‌మెంట్ అనుకోండి. ఎవరి ఫ్లాట్ తాళం వాళ్ళది. మొత్తం బిల్డింగ్ తాళం మాత్రం సుధాకర్ ఒక్కడిదే.

"గా ఆంధ్రోన్ని నమ్ముతవా యాదీ?" అనేవాళ్ళు హాస్టల్లో.

"వాడు నా దోస్తు. నోరు మూసుకోండ్రి," అని కొట్లాడేవాణ్ణి.

నేను చేసిన బుద్ధితక్కువ పని చెబుతాను. పోలీసు కేసులుండి దాక్కుని తిరుగుతున్న పదకొండు మంది ఏ రాత్రి ఎక్కడ పడుకుంటున్నారో ఆ సైట్‌లోనే దాచాను. మనిషికో ఫైలు. అన్నం తీసుకుపోయేవాళ్ళు అడిగినా, లాయరు అడిగినా అందులో చూసి చెప్పేవాణ్ణి. నేనూ సుధాకరూ తప్ప ఇంకెవరూ అది తెరవలేరనుకున్నాను.

ఆ రాత్రి సైట్ బాగా నెమ్మదించిందని వాడి గదికి వెళ్ళాను. పదకొండు దాటింది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది. కంప్యూటర్ మాత్రం యూపీఎస్ మీద నడుస్తోంది... టీక్... టీక్... లాలాపేట్ వైపు గూడ్సు బండి పోతున్న చప్పుడు. సుధాకర్ ఓనర్‌గా, అంటే బిల్డింగ్ తాళంతో, లాగిన్ అయ్యి, లోపల ఎవరెవరున్నారో చూశాడు.

ఓనర్లు ఇద్దరున్నారు.

"ఒకటి నేను," అన్నాడు. "రెండోది... నీ అకౌంటేరా."

నా అకౌంటా! నా దగ్గరున్నది ఫ్లాట్ తాళమే కదా? వాడు నా వైపు తిరిగాడు. ఆ చూపు... నన్నే అనుమానించాడు! నేను రెండు చేతులూ ఎత్తి చూపించాను. వాడి చేతులు టీ గ్లాసు చుట్టూ ఉన్నాయి. కీబోర్డు ఎవరూ ముట్టుకోలేదు.

స్క్రీన్ మీద ఒక వరస కదిలింది. ఒక ఫైలు తెరుచుకుంది. శంకర్.

ఇంకోటి... నర్సింహ.

"ఎవడ్రా వీడు?" అన్నాను. ఆగిపోయింది. ఊపిరి బిగబట్టాం. టీక్... టీక్... మళ్ళీ తెరుచుకుంది. ఎవరి మీద ఒట్టు వేయమన్నా వేస్తాను... మేం మాట్లాడితే ఆగుతోంది. ఊరుకుంటే చదువుతోంది.

సుధాకర్ నా అకౌంట్ పాస్‌వర్డ్ మార్చాడు. దాన్ని బయటికి తోసేశాడు. పోయింది... మూడు లెక్కపెట్టేలోపు తిరిగొచ్చింది.

"మొత్తం బంద్ చెయ్యిరా!"

"మొత్తమా? నలభై సైట్లురా! ఒక ఆసుపత్రిది కూడా ఉంది. పొద్దున్నే నన్ను చంపేస్తారు. ఒక్క నిమిషం ఆగు."

"గాడ మావోల్ల పానాలు పోతయిరా! నీ కస్టమర్లు ఎక్కువయిన్రా నీకు?"

వాడు మౌస్ మీద వేలు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. నొక్కలేదు. ఆ నిమిషం నేను చచ్చినా మరిచిపోను. నేను మాట్లాడుతూనే ఉండాల్సింది. కోపంతో నోరు పెగల్లేదు. వాడు నొక్కేసరికి పదకొండు ఫైళ్ళూ చదివేయడం అయిపోయింది.

పది మందిని ఫోన్ చేసి లేపాను. పదకొండోవాడు స్వామి. వాడి ఫోన్ మోగింది... మోగింది... ఎత్తలేదు. నేను మాణికేశ్వర్ నగర్ చేరేసరికి వాడి గది తలుపు బార్లా తెరిచి ఉంది. చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. మనిషి లేడు.

"ఎవడు చెప్పిండ్రా పోలీసులకు?" అని హాస్టల్లో అందరూ నా మీద పడ్డారు. వాడి చేతులు టీ గ్లాసు చుట్టూ ఉండటం చూసినవాణ్ణి నేను. అయినా కడుపు మండిపోతోంది. దోస్తు అనుకుంటే ఇంత చేశాడే అని.

"సుధాకర్," అన్నాను.

స్వామి ఇరవై రోజులకి జైలు నుంచి బయటికొచ్చాడు. తన గది పోలీసులకి ఎలా తెలిసిందో వాడికి ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకి హోస్టింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ళు ఒక ప్రకటన పెట్టారు. అందులో ఒక లోపం ఉందట. చిన్న అకౌంట్ దొరికితే చాలు, ఎవడైనా ఓనర్ అయిపోవచ్చట. సుధాకర్ అది నాకు మెయిల్ చేశాడు. కింద ఒక్క ముక్క కూడా రాయలేదు.

సరే, తలుపు ఎలా తెరుచుకుందో తెలిసింది. లోపలికొచ్చింది ఎవరు? పోలీసులా? ఆ నలభై సైట్లవాళ్ళలో ఒకడా? మరి మేం మాట్లాడితే ఎందుకు ఆగింది? సుధాకర్ ఆ నిమిషం నిజంగా ఆసుపత్రి గురించే ఆలోచించాడా? ఎన్నిసార్లు తిరగేసినా నాకు తెగదు.

ఉండబట్టలేక తార్నాక వెళ్ళాను. మేడ మీద కిటికీ అద్దాలు పగిలి ఉన్నాయి. వాళ్ళమ్మగారు తలుపు సగమే తీశారు.

"ఆంటీ, సుధాకర్ ఉన్నడా?"

"వాడు ఎక్కడ పడుకుంటున్నాడో మాత్రం అడక్కు బాబూ. మీ హాస్టలోళ్ళు రోజూ వచ్చి అదే అడుగుతున్నారు."

తలుపు మూసి, లోపల గడియ పెట్టుకున్నారు.