ముందు కారు వదిలిన గాలి

దజీజ్‌లో మా కఫీల్‌కి, అంటే మమ్మల్ని వీసా మీద తెప్పించుకున్న అరబ్బు యజమానికి, రెండు గోడౌన్లుండేవి. ఒకదాంట్లో ట్రక్కులు, రెండోదాంట్లో ఆయన కొడుకు రేసు కారు. నేను ట్రక్కుల టైర్లు మార్చే పనికి వచ్చినవాణ్ణి. రాజమండ్రిలో మా మేనమామ షాపులో నేర్చుకున్న పని అదొక్కటే. ఒకరోజు ఆ అబ్బాయి మా వైపు వచ్చాడు. నేను చక్రం బిగిస్తుంటే కాసేపు నిలబడి చూసి, నా దగ్గర పనిచేస్తావా అని ఉర్దూలో అడిగాడు. ఎందుకడిగాడో నాకిప్పటికీ తెలీదు. సరేనన్నాను. అప్పట్నుంచి ఆ గోడౌన్ ఖాళీ చేసేదాకా ఆ కారు టైర్లు నా చేతిమీదే నడిచాయి.

మాలో మేం అతన్ని చిన్నబాబు అనుకునేవాళ్లం. సన్నగా ఉండేవాడు, మాట తక్కువ. చిన్నప్పుడు తండ్రి సరదాకి గోకార్ట్ కొనిపెడితే అదే లోకమైపోయిందట. నేను చేరేటప్పటికే పెద్దవాడైనా, శుక్రవారాల్లో పాత స్నేహితులతో కార్ట్ పందేలకి వెళ్లేవాడు. నన్నూ తీసుకెళ్లేవాడు. కావాలనే అందరికంటే వెనక నిలబడి మొదలుపెట్టేవాడు. ముందున్నవాడు మలుపులో చెయ్యంత చోటు వదిలితే చాలు, లోపల్నుంచి దూరిపోయేవాడు. ఒకణ్ణి, ఇంకొకణ్ణి, అలా చివరికి ముందు తనే. అందులో మోటుదనం ఉండేది కాదు, ఎవరికీ తగిలేవాడు కాదు. జనంలో దారి చేసుకుంటూ పోయే మనిషిలా వెళ్లిపోయేవాడు. దిగాక నవ్వేవాడు. ఆ నవ్వు నేను ఇంకెక్కడా చూడలేదు.

అతనికి కావాల్సింది మాత్రం పెద్ద ఫార్ములా కార్లు. టీవీలో ప్రపంచమంతా చూసేవి. అక్కడికి వెళ్లాలంటే వాటికంటే చిన్న ఫార్ములా కార్లలో మెట్టుమెట్టుగా ఎక్కాలి. మా గోడౌన్లో ఉన్నది ఆ కింది మెట్టు కారే. చిన్నదైనా తీరు అదే. ముక్కు దగ్గరొక రెక్క, వెనకొక రెక్క, నేలకి ఆనుకున్నట్టుండే అడుగుభాగం.

ఆ కారెక్కాక అతని విద్య ఎందుకూ పనికిరాకుండా పోయింది.

మొదట్లో నాకది అర్థం కాలేదు. ఒక్కడే తిరిగేటప్పుడు అందరంత వేగంగానూ వెళ్లేవాడు. రేసు మొదలైతే ఎవడో ఒకడి వెనక ఇరుక్కుపోయేవాడు. చివరిదాకా అక్కడే. కార్ట్‌లో అంతమందిని దాటినవాడు ఇక్కడ ఒక్కణ్ణి దాటలేకపోతే, భయపడుతున్నాడనుకున్నాను. ఆ మాట ఒకరోజు మా ఇంజనీరుతో అనేశాను.

ఇంజనీరు శ్రీలంక మనిషి, అరవై దాటినవాడు. యూరప్‌లో పెద్ద జట్ల గ్యారేజీల్లో జుట్టు నెరిసింది ఆయనకి. నేనన్నదానికి కోప్పడలేదు. మర్నాడు పికప్‌లో సెవెన్త్ రింగ్ రోడ్డు మీదికి తీసుకెళ్లి ఒక నీళ్ల ట్యాంకర్ వెనకే పోనిచ్చాడు. అద్దం దించి చెయ్యి బయట పెట్టమన్నాడు. దూరంగా ఉన్నంతసేపూ గాలి అరచేతిని ఒకే తీరుగా నెట్టింది. ట్యాంకర్‌కి దగ్గరయ్యేకొద్దీ చెయ్యి ఎటుపడితే అటు కొట్టుకుంది, ఇసుక మొహాన కొట్టింది. పికప్ కూడా కాస్త ఊగింది.

తిరిగొచ్చేటప్పుడు విడమరిచి చెప్పాడు. రేసు కారు మలుపులో జారిపోకుండా నిలబడేది గాలి వల్లే. రెక్కలూ అడుగుభాగమూ కలిసి గాలిని వాడుకుని కారుని రోడ్డుకి అదిమి పట్టుకుంటాయి. కానీ ముందు వెళ్లే కారు ఆ గాలిని అప్పటికే వాడేసుకుని, చింపి, సుడులు చేసి వదులుతుంది. వెనకవాడికి దొరికేది ఆ ఎంగిలి గాలి. తిన్నని రోడ్డు మీద అది మేలే, ఎదురుగాలి తగ్గి కారు ముందుకి దూసుకుపోతుంది. మలుపులో మాత్రం పట్టు జారిపోతుంది. కారు ముక్కు తిరగనంటుంది, టైర్లు రోడ్డు మీద గీసుకుంటాయి, వేడెక్కుతాయి. మితిమీరి వేడెక్కిన రబ్బరుకి పట్టుండదు. చల్లారాలంటే వెనక్కి తగ్గాలి. తగ్గితే, తిన్నని రోడ్డు వచ్చేసరికి అందనంత దూరంలో ఉంటాం. దగ్గరికెళితే టైర్లు పోతాయి, దూరంగా ఉంటే అవకాశం పోతుంది. కార్ట్‌కి రెక్కలుండవు కాబట్టి అక్కడ ఈ గొడవ లేదు.

పెద్ద ఫార్ములాలో ఇంకా కష్టమన్నాడు. ఆ కార్లు ఏళ్లు గడిచేకొద్దీ పొడవూ వెడల్పూ పెరిగి, ఇరుకు ట్రాకుల్లో రోడ్డంతా తామే అయిపోయాయి. బ్రేకులు ఎంత గట్టివంటే, మలుపు ముందు వేగం తగ్గించడానికి పట్టే దూరం బాగా తగ్గిపోయింది. అవతలివాడికంటే ఆలస్యంగా బ్రేకు తొక్కి లోపలికి దూరే చోటు లేకుండా పోయింది. అన్ని జట్లూ కంప్యూటర్లతో లెక్కలు కట్టుకుంటాయి కాబట్టి కార్ల మధ్య తేడా వెంట్రుకంత. ఆ వెంట్రుకంత తేడాతో ఎంగిలి గాలిని దాటి పోవడం కుదరదు. నిర్వాహకులు ఊరుకోలేదు. వెనకవాడికి సాయంగా రెక్కలో తెరుచుకునే రేకు పెట్టారు, అడుగుభాగం మార్చి చెడిన గాలిని పైకి పంపేలా చేశారు. కొన్నాళ్లు బాగుంటుంది. తర్వాత ఇంజనీర్లు ఇంకా వేగం కోసం ఏదో ఒకటి కనిపెడతారు, వెనక గాలి మళ్లీ చెడుతుంది.

"ఆ కనిపెట్టేవాళ్లలో నేనూ ఉన్నాను," అన్నాడాయన. "వెనకవాడు ఇబ్బందిపడితే ముందున్న మా కారుకి మంచిదే కదా."

చిన్నబాబుకి ఇదంతా తెలుసా అని అడిగాను. అందరికంటే బాగా తెలుసన్నాడు.

అలాంటప్పుడు మిగిలేది ఒక్కటే దారి, రేసుకి ముందే ముందుండటం. దాన్ని క్వాలిఫయింగ్ అంటారు. ఖాళీ రోడ్డు మీద ఒక్కడే ఒక్క చుట్టు, ఎవరు త్వరగా తిరిగితే వాళ్లు ముందు నిలబడతారు. చిన్నబాబుకి అది ఒంటబట్టేది కాదు. ఎదురుగా మనిషి ఉంటేనే అతనికి ఊపు వచ్చేది. ఆ ఎండాకాలం అంతా గోడౌన్లో ఏసీ వేసుకుని కంప్యూటర్ తెర ముందు ఉత్తుత్తి స్టీరింగ్ పట్టుకుని కూర్చుని ఆ ఒక్క చుట్టునే సాధన చేశాడు. మధ్యాహ్నం నేను తిండి తెచ్చిపెడితే సాయంత్రం దాకా మూత తీసేవాడు కాదు. కళ్ల కింద నల్లబడింది. కాస్త మెరుగయ్యాడు. మిగతావాళ్లూ కాస్త మెరుగయ్యారు.

ట్రక్కుల వైపు ఒక కడప డ్రైవరన్న ఉండేవాడు. ఒక రేసు అయ్యాక ఏమైందని అడిగితే చెప్పాను. ఆయనకి వింతగా తోచింది.

"ముందర బండిని దాటలేకపోయినాడా? మనం దినామూ రోడ్డు మింద దాటుతానే ఉండాం కదన్నా," అన్నాడు.

నేను ట్యాంకర్ సంగతి చెప్పబోయాను. సగం విని టీ తాగడానికి వెళ్లిపోయాడు.

చలికాలంలో ఎడారిలోని ట్రాక్ మీద రేసు జరిగింది. దానికి బయటి దేశం నుంచి ఒక పెద్ద జట్టు మనిషి వస్తున్నాడని తెలిసింది. కుర్ర డ్రైవర్లని ఏరుకోవడం ఆయన పని. మా ఇంజనీరుకి పాత పరిచయం. ఆయన్ని రప్పించింది కూడా మా ఇంజనీరేనని తర్వాత తెలిసింది. నాకు కూడా నా గురించి కొంచెం ఆశ పుట్టింది. చిన్నబాబు పైకి వెళితే ఒకరిద్దర్ని వెంట తీసుకెళ్తాడని ఇంజనీరు ఎప్పుడో అన్నాడు. హవల్లీలో క్లినిక్‌లో నర్సుగా చేసే మా ఆవిడకి ఆ మాట చెప్తే, ముందు అతన్ని గెలవనివ్వండి అంది.

ఆ మధ్యాహ్నం కఫీల్ కూడా వచ్చాడు. కొడుకు రేసుకి ఆయన రావడం అదే మొదలు. షర్క్‌లోని తన ఆఫీసు నుంచి నేరుగా, కాళ్లదాకా ఉండే తెల్ల దిష్దాషాలో వచ్చి, కార్లు ఆగే పిట్‌లో మా మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చిన్నబాబు తండ్రి చెయ్యి ముద్దుపెట్టుకుని కారెక్కాడు.

అతనికి రెండో వరసలో చోటు దొరికింది. మొదలవుతూనే ఒకణ్ణి దాటాడు. అప్పుడు కార్లన్నీ గుంపుగా, నెమ్మదిగా ఉంటాయి కాబట్టి కుదిరింది. ఇక ముందు మిగిలింది ఇద్దరే. అతనికి ఎదురుగా ఉన్న ఎర్రకారు నెమ్మది. అది ప్రాక్టీసు నుంచీ మాకు తెలుసు. చిన్నబాబు దాని తోకకి అంటుకున్నాడు. ప్రతి మలుపులోనూ అతని కారు ముక్కు బయటికి జారడం తెర మీద కనిపిస్తోంది. ఇంజనీరు రేడియోలో, వెనక్కి తగ్గు, టైర్లు చల్లార్చుకో, మళ్లీ వెళ్లు అన్నాడు. తగ్గాడు. చల్లార్చుకున్నాడు. మళ్లీ వెళ్లాడు. తిన్నని రోడ్డు చివర పక్కకి వచ్చాడు, ఇద్దరూ ఒకేసారి బ్రేకు తొక్కారు, చోటు చాల్లేదు. వెనక్కి జారాడు. మళ్లీ చల్లార్చుకున్నాడు. ఈసారి పక్కకి కూడా రాలేకపోయాడు. అతని వెనకున్నవాడికీ అదే అవస్థ కాబట్టి వాడూ ఇతన్ని దాటలేదు. ఒకదాని వెనక ఒకటి, సరుకు బళ్లలాగా అందరూ తిరిగారు.

జట్టు మనిషి మొదట్లో తెరకి దగ్గరగా నిలబడ్డాడు. తర్వాత ఫోన్ చూసుకున్నాడు. రేసు ఇంకా సాగుతుండగానే ఇంజనీరు భుజం తట్టి, విమానానికి వేళైందని చెప్పి వెళ్లిపోయాడు. అందరికంటే ముందున్నవాడి పేరు మాత్రం అడిగి రాసుకున్నాడు.

కారు తిరిగొచ్చింది. ఇంజను ఆగింది. చిన్నబాబు దిగలేదు. హెల్మెట్ అద్దం కూడా ఎత్తలేదు. నేను వంగి బెల్టులు విప్పాను. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. ముందు టైర్లు చూస్తే, కొబ్బరి తురిమినట్టు రబ్బరు పొరలు పొరలుగా లేచిపోయింది. మాడిన వాసన. ఆ టైర్లతో అసలు తిరిగి రావడమే గొప్ప.

నేను టైర్ల దగ్గర్నుంచి లేచాక అద్దం ఎత్తాడు.

"నేను వాడికంటే వేగం," అన్నాడు ఉర్దూలో, మెల్లగా. "నాకు తెలుసు. వాడికి తెలుసు. ఇంకెవరికీ తెలీదు."

"మాకు తెలుసు సర్," అన్నాను.

తల ఊపాడు. దానివల్ల ఏం ఒరగదని మా ఇద్దరికీ తెలుసు.

కఫీల్ లేచి వచ్చాడు. కోపంగా లేడు. ఎందుకు దాటలేదు నాన్నా అని కొడుకుని అడిగాడు. కొడుకు కారు దిగి హెల్మెట్ తీశాడు. ఆయన ఇంజనీరు వైపు తిరిగాడు. ఇంజనీరు గాలి గురించీ టైర్ల గురించీ ఓపిగ్గా చెప్పాడు. కఫీల్ మధ్యలో అడ్డురాకుండా అంతా విన్నాడు. పైకి వెళితే ఇది తేలికవుతుందా అని ఒక్కటే అడిగాడు. ఇంజనీరు అబద్ధం ఆడగలిగేవాడు, ఆడలేదు. ఇంకా కష్టమవుతుందన్నాడు.

కఫీల్ కొడుకు తలమీద చెయ్యి వేశాడు.

"ఖలాస్, నాన్నా. ఇంటికి పోదాం," అన్నాడు.

చిన్నబాబు ఎదురు చెప్తాడనుకున్నాను. ఒక్కసారి అరుస్తాడని, హెల్మెట్ విసిరేస్తాడని చూశాను. అవేమీ చెయ్యలేదు. తండ్రి వెనక నడిచి వెళ్లి ఆయన కారెక్కి కూర్చున్నాడు. మేం అక్కడే టెంటు విప్పుతూ, టైర్లు ఎత్తుతూ ఉండిపోయాం. ఇంటికెళ్లి జరిగింది చెప్తే మా ఆవిడ నా ఆశ సంగతి ఎత్తలేదు.

"ఆ అబ్బాయి ఏమన్నా తిన్నాడా మరి?" అంది.

నాకు తెలీదన్నాను.

రేసు కారు అమ్మేశారు. ఇంజనీరు తన దేశం వెళ్లిపోయాడు. వెళ్లేముందు నాతో, వాడు ముప్ఫై ఏళ్ల ముందు పుట్టాల్సింది అన్నాడు. గోడౌన్లో ఇప్పుడు వాషింగ్ మెషిన్లు ఉన్నాయి. నేను మళ్లీ ట్రక్కుల వైపు వచ్చేశాను.

ఆ తర్వాత చిన్నబాబుని నేను మాట్లాడేంత దగ్గరగా చూసింది ఒక్కసారే. షర్క్ ఆఫీసులో తండ్రి పక్కన కూర్చుంటున్నాడని విన్నాను. ఒక ఉదయం ట్రక్కులు చూసిపోవడానికి యార్డుకి వచ్చాడు. కాస్త ఒళ్లు చేశాడు. నన్ను గుర్తుపట్టి, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాడు. ఫోన్లో చూసిన సంగతి చెప్పాను. పెద్ద ఫార్ములాకి కొత్త రూల్స్ వచ్చాయట సర్, కార్లు చిన్నవి చేశారట, రెక్కలు కదులుతాయట, ఇక దాటడం తేలికంటున్నారు అన్నాను. సంతోషిస్తాడనే చెప్పాను.

నేను ముగించేదాకా విన్నాడు. మొహంలో ఏదో కదిలింది గానీ అది సంతోషం కాదు.

"నేను చూడటం మానేశాను," అన్నాడు.

తర్వాత మధ్యాహ్నం పోర్టుకి వెళ్లే ట్రక్కు ఏదని అడిగాడు. చూపించాను. దాని చుట్టూ ఒకసారి తిరిగి, డ్రైవరుతో రెండు మాటలు మాట్లాడి, ఎండ కళ్లలో పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని గేటు వైపు వెళ్లిపోయాడు.