గొంతు మారిన ఏడాది

మా అమ్మకు చూపు లేదు. నేను చంటిపిల్లాడిగా ఉన్నప్పుడు ఊళ్లో మశూచి వచ్చింది. ఆమె బతికింది గాని కళ్లు పోయాయి. నా మొహం ఆమెకు గుర్తున్నది పసిగుడ్డు మొహమే. ఆ తర్వాత నన్ను పెంచిందంతా నా గొంతు వింటూనే. పాక బయట పిల్లలందరం ఒక్కసారే అరుస్తున్నా, నాకు ఆకలేస్తోందో దెబ్బ తగిలిందో లోపల్నుంచే చెప్పేసేది.

మాది మొగల్తూరుకు అవతల, సముద్రపు గాలి తగిలే చిన్న పేట. నాన్న ఒక కామందు దగ్గర పాలేరు. పేటలో కొన్ని కుటుంబాలు క్రైస్తవంలో కలిసిన కొత్తలో, ఊరూరా తిరిగే ఉపదేశిగారు ఒకాయన నా పాట విని, రాజమండ్రిలో మిషను వారి బోర్డింగు బడిలో చేర్పించమన్నారు. నాన్న ఒప్పుకోలేదు.

“గేదెల్ని ఎవరు కాస్తారండి? కామందుగారు ఊరుకుంటారా?” అన్నాడు.

అమ్మే మొండిపట్టు పట్టి పంపించింది. పడవ ఎక్కేటప్పుడు నా మెడ తడిమి, “పాడటం మానకురా. నువ్వొచ్చినప్పుడల్లా నేను వినాలి” అంది.

అవి రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులు. మా బడి దాకా ఇనుము కొట్టే చప్పుడు వినిపించేది. ఆ చప్పుడులోనే మా మిషను దొరసానమ్మగారు హార్మోనియం ముందు కూర్చుని మగపిల్లల చేత పాటలు పాడించేవారు. కొందరిది హెచ్చు గొంతుతో పాడే పై వరుస, కొందరిది తగ్గు గొంతుతో పాడే కింది వరుస. ఒకే పాటను రెండు దారుల్లో పాడుతుంటే మొదట్లో మాకు నవ్వు ఆగేది కాదు. ఒకరోజు ఆ రెండూ ఎక్కడో కలిసి, గది నిండిపోయినట్టయింది. ఎవరూ నవ్వలేదు. పాట అయిపోయాక కూడా చాలాసేపు అలాగే నిలబడ్డాం.

మాలో చాలామందిమి రాత్రుళ్లు ఇంటి మీద బెంగతో ఏడ్చేవాళ్లం. పాటల జట్టులో చేరాక ఏడుపు తగ్గింది. ఉతికిన తెల్లచొక్కాలు తొడుక్కుని పాడుతుంటే, మమ్మల్ని తమ అరుగు ఎక్కనివ్వని పెద్దలు కూడా దారిలో ఆగి వినేవారు. పాట అయ్యాక మా దారి మాదే, వాళ్ల అరుగు వాళ్లదే. అయినా ఆ కాసేపు చాలనిపించేది.

పై వరుసలో ఒంటరిగా పాడే భాగం నాది. నా పక్కన తుని వైపు నుంచి వచ్చిన ఒక చిన్నవాడు నిలబడేవాడు. కలరాలో వాడి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. వచ్చిన కొత్తలో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నా చొక్కా అంచు పట్టుకుని, నేనేది పాడితే అది మెల్లగా పాడేవాడు. పాటలోనే వాడికి మాటలు వచ్చాయి.

ఒక వేసవిలో కాలవల వెంట కలరా అని సెలవులకు మమ్మల్ని ఇళ్లకు పంపలేదు. ఆ వర్షాకాలంలోనే నా గొంతు చెడింది. పై స్వరానికి వెళ్లబోతే మధ్యలో చీలిపోయేది. ఉప్పునీళ్లు పుక్కిలించాను. మిరియాలు నమిలాను. మాట్లాడటమే మానేసి చూశాను. రోజురోజుకీ అది నా చేయి దాటిపోయింది.

దొరసానమ్మగారు పుస్తకాల తెలుగు మాట్లాడేవారు. “నీ కంఠము మారుచున్నది. ఇది వ్యాధి కాదు. మందు లేదు” అన్నారు.

“ఎప్పుడు బాగవుతుందండి?”

ఆవిడ హార్మోనియం మూసి, “ఆ కంఠము మరల రాదు” అన్నారు.

క్రిస్మస్ ముందు మా జట్టు పడవ మీద పల్లెలకు బయల్దేరింది. గోదావరి దాటి, విజ్జేశ్వరం లాకుల్లోంచి కాలవలోకి దిగాం. గట్టు మీద మనుషులు తాడు కట్టి పడవ లాగుతుంటే, ఆగిన ప్రతి పేటలో పాడుకుంటూ చివరికి మా పేట చేరాం. నా భాగం అప్పటికే చిన్నవాడికి ఇచ్చేశారు. నన్ను మాత్రం వరుసలోంచి తీసేయలేక, పెదవులు కదిపితే చాలన్నారు దొరసానమ్మగారు.

నేను ముందుగా ఇంటికి వెళ్లి చెప్పాలనుకున్నాను. పడవ ఆలస్యమైంది. మేం దిగేసరికే పందిట్లో జనం కూర్చుని ఉన్నారు. అమ్మ ముందు వరుసలో, ఉతికిన కోక కట్టుకుని, తల ఒక పక్కకు వంచి కూర్చుంది. పక్కనే పొలం బురద కాళ్లతో నాన్న.

పాట మొదలైంది. చిన్నవాడి గొంతు లేచింది. అమ్మ మొహం విప్పారింది. నాన్న మోచేతిని పట్టుకుని ఊపుతూ, “అదుగో, మనోడే! విన్నావా?” అంది. నాన్న నా వంక చూశాడు. పాడుతున్నది నేను కాదని ఆయనకు కనబడుతూనే ఉంది. ఆమెకు చెప్పలేక తల వంచుకున్నాడు. నేను అక్కడ నిలబడి పెదవులు కదుపుతూ ఉన్నాను.

పాట అవగానే అమ్మ చేతులు చాచింది. చిన్నవాడు ఏమనుకున్నాడో, నేను కదిలేలోపే వెళ్లి ఆ చేతుల్లో నిలబడ్డాడు. అమ్మ వాడి తల, చెవులు, భుజాలు తడిమింది. చేతులు ఆగిపోయాయి.

“ఎవరి పిల్లాడివి నాయనా?”

“నాకెవరూ లేరండి.”

అమ్మ వాణ్ని వదల్లేదు. అలాగే పట్టుకుని, కంగారుగా అటూ ఇటూ తల తిప్పింది. “మరి నా కొడుకేడి? రాలేదా? వాడికేమైంది?”

“ఇక్కడే ఉన్నానమ్మా” అన్నాను.

ఆమె ఉలిక్కిపడింది. “ఎవరది?” అని నాన్నను అడిగింది.

నేను మళ్లీ అమ్మా అన్నాను. మళ్లీ అన్నాను. ఎన్నిసార్లు అన్నా ఆ బొంగురు గొంతే వచ్చింది. చివరికి నాన్న నా చేయి తీసి ఆమె చేతిలో పెట్టాడు. అమ్మ నా మొహం తడిమి, నూనూగు మీసం దగ్గర ఆగి, ఏడవడం మొదలుపెట్టింది.

“పెద్దాడివయ్యావా” అంది. “నాకెవరూ చెప్పలేదే.”

మర్నాడు పడవ కదిలే ముందు, ఎలా ఉన్నా సరే ఒక్కసారి పాడమంది. ప్రయత్నించాను. రెండో చరణం దగ్గర గొంతు పూర్తిగా విరిగింది. “చాల్లే, నొప్పెడుతుందేమో” అని నా నోటి మీద చెయ్యి పెట్టింది. చిన్నవాడు పక్కనే ఉన్నాడు. వాడిని పాడమని ఆమె అడగలేదు. వాడూ పాడలేదు.

మరుసటి వర్షాల్లో అమ్మ జ్వరంతో పోయింది. కబురు అంది, వరద కాలవలో పడవ దొరికి నేను వెళ్లేసరికి ఆమెను పూడ్చిన చోట గడ్డి కూడా మొలిచింది.

ఆ తర్వాత నా గొంతు కుదురుకుంది. దొరసానమ్మగారు నన్ను కింది వరుసలో నిలబెట్టారు. ఒకసారి నాన్న కామందును బతిమాలుకుని రాజమండ్రి వచ్చి, మిషను గుడిలో వెనక కూర్చుని మా పాట విన్నాడు. బయటికొచ్చాక ఎలా ఉందని అడిగాను.

“బాగుందిరా” అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుంటూ, “నీ గొంతేదో మాత్రం తెలీలేదు. అన్నిట్లో కలిసిపోయింది” అన్నాడు.