వడదెబ్బను నవ్వుతూ గెలిచిన మస్తాన్ సాహెబు గారు

మా గురువర్యులు, గిద్దలూరు వైద్యులు డాక్టర్ మస్తాన్ సాహెబు గారు ఇక లేరన్న వార్త నాకు పొదిలిలో అందింది. కబురు తెచ్చిన మనిషిని "ఏ మస్తాన్ సాహెబు?" అని వెర్రిగా అడిగాను. మాట్లాడితే వీధి చివరిదాకా వినబడే ఆ కంఠం మూగబోయిందంటే మనస్సు అంగీకరించలేదు. మధ్యాహ్నం సుష్ఠుగా భోంచేసి పడుకుని, నిద్రలోనే కన్నుమూశారట.

వారు స్థూలకాయులు, భోజనప్రియులు, హాస్యానికి పెట్టింది పేరు. మద్రాసులో వైద్యవిద్య ముగించి ఈ ఎండల సీమనే కర్మభూమిగా ఎంచుకున్నారు. వేసవి ముదిరితే సంతలో బండెక్కి నిలబడి రైతులకు చెప్పేవారు: "ఒళ్లు కాలుతూ మాట తడబడిందా, అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతుందా లేదా అని చూస్తూ కూర్చోవద్దు. ముందు మనిషిని చల్లార్చండి, ఆపైన నాకు కబురు పెట్టండి."

నేను వారి దగ్గర పని నేర్చుకుంటున్న రోజుల్లో జరిగిన ఒక పెండ్లి నా కళ్ల ముందే ఉంది. రాచర్ల నుంచి వరుడు మిట్టమధ్యాహ్నం ఉపవాసంతో, మందపాటి ఉన్ని కోటుతో, గుర్రం మీద ఊరేగుతూ వచ్చాడు. వధువు నాగమ్మ ఇంటి ముందు దిగుతూనే కూలిపోయాడు. పక్క వీధి నుంచి మమ్మల్ని పిలిపించేసరికి వధువు మేనమామ కేకలు వేస్తున్నాడు.

"మూర్ఛరోగాన్ని దాచిపెట్టి తెచ్చినారు! ఈ పెండ్లి మాకొద్దు!"

సాహెబు గారు వరుడి రొమ్ము మీద చెయ్యి వేశారు. అతడు మత్తుగా కళ్లు తెరిచి, వారి గుబురు గడ్డాన్ని చూసి "అత్తా..." అని మళ్లీ స్పృహ తప్పాడు.

"ఒళ్లు పెనం మాదిరి ఉంది, నన్ను పట్టుకొని అత్తా అంటున్నాడు. ఇది మూర్ఛ కాదు, వడదెబ్బ. కోటు ఊడదీయండి, నీడకు మోయండి!"

ఎవరో మజ్జిగ తెచ్చి నోట్లో పోయబోతే చెయ్యి పట్టుకున్నారు. "తెలివి లేనోడి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లు తెచ్చి ఒంటిమీద పొయ్యి."

పందిట్లోని నీళ్ల కడవలు వంటకని వంటమనిషి అడ్డం వచ్చాడు.

"పెండ్లికొడుకే లేకుంటే ఎవరికి వండుతావయ్యా?"

ఇంతలో పెండ్లికూతురే బయటికి వచ్చింది. లోపలికి పొమ్మని మేనమామ గద్దించాడు. "రేపటి నుంచి నేను చూసుకోవాల్సిన మనిషే గదా మామా, ఆ కడవ ఇట్లియ్యి" అని ఆమె అతడి తల మీద, మెడ మీద నీళ్లు పోసింది. బాజా వాళ్లు వాయిద్యాలు పక్కనబెట్టి విసనకర్రలు అందుకున్నారు. నేను నాడి పట్టుకుని కూర్చున్నాను. నాడి ఎంతకూ నెమ్మదించకపోతే గురువుగారి ముఖంలో మొదటిసారి నవ్వు మాయమైంది. "ఆపొద్దు, పోస్తానే ఉండండి" అన్నారు.

చివరికి అతడు కళ్లు తెరిచి, "మీరెవరు?" అన్నాడు.

"ఇందాక నీ అత్తను. ఇప్పుడు డాక్టర్ను!"

మేనమామతో సహా పందిరంతా ఘొల్లున నవ్వింది. ఆ సాయంత్రమే పెండ్లి కానిద్దామన్న పెద్దలను మాత్రం ఆయన కసిరారు. "చల్లార్చినోణ్ణి మళ్లీ హోమం ముందు కూర్చోబెట్టి కాలుస్తారా?" వరుణ్ణి ఆసుపత్రిలో ఉంచుకుని, పూర్తిగా కోలుకున్నాకే పంపారు. తరువాత ఒక చల్లని తెల్లవారుజామున ఆ పెండ్లి జరిగింది. విందులో బూరెలు తిన్నవారిలో అగ్రగణ్యులు మా గురువుగారే.

వారిని సాగనంపిన నాడు ఎండ నిప్పులు చెరిగింది. అన్ని కులాల, మతాల జనం ఖబరస్తాన్ బయటిదాకా నిలిచారు. వారి తమ్ముడు కన్నీళ్లు తుడుచుకుని గట్టిగా అన్నాడు: "తలకు గుడ్డలు కట్టుకోండి, నీడకు జరగండి, నీళ్లు తాగండి. ఇక్కడ ఎవరన్నా పడిపోయినారంటే మా అన్న లేచి వచ్చి తిడతాడు!"

అంతటి దుఃఖంలోనూ అందరం నవ్వాము. అటువంటి వైద్యుడు, అటువంటి ఆప్తుడు ఈ సీమకు మళ్లీ దొరకడు. ఆ నవ్వు ఇంకా మా పెదవుల మీద ఉండగానే ఆ మహనీయుణ్ణి మట్టికి అప్పగించాము.