మాల తీశాక చూద్దామనుకున్నాం

మా చిన్నప్పుడు... కార్తీకం వచ్చిందంటే తునిలో మా కిరాణా కొట్టు ముందు నల్లబట్టల స్వాములు బారులు తీరేవారు. కర్పూరం, నెయ్యి, అగరొత్తులు అన్నీ మా దగ్గరే కొనేవారు. ఆ ఏడు మా బాబాయి కూడా అయ్యప్ప మాల వేసుకున్నాడు. మొదటిసారి కాబట్టి కన్నెస్వామి.

బాబాయి అంటే నాన్న తమ్ముడు. కొట్లో కూర్చుంటే నోరు ఊరుకునేది కాదు. బెల్లం కొనడానికొచ్చిన ముసలమ్మల్ని కూడా ఆటపట్టించేవాడు. అలాంటి మనిషిని ఉన్నట్టుండి "స్వామీ" అని పిలవాలంటే మాకు నవ్వాగేది కాదు... నాన్నమ్మ నెత్తిన ఒక్కటి మొట్టేది. మాలలో ఉన్నవాడు అయ్యప్పతో సమానం, కన్నతల్లయినా దండం పెట్టాల్సిందే.

మొదట్లో అంతా బాగానే ఉంది. తెల్లవారకముందే గోలెం దగ్గర చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, పూజగదిలో చాప మీద పడక. కొన్నాళ్ళకి ఆ ఒంటిపూట కూడా మానేశాడు. ఎంత నిష్ఠో అన్నారు. నిద్రపోవడం లేదంటే భక్తి అన్నారు. మాటలు తగ్గిపోతే, మౌనం పట్టారు స్వామి అన్నారు. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది... ఏది కనబడినా దానికో మంచి పేరు సిద్ధంగా ఉండేది మా దగ్గర.

కొట్లో బియ్యం బస్తా మీద కూర్చుని, ఉన్నట్టుండి రెండు చెవులూ గట్టిగా మూసుకునేవాడు. పెదాలు కదిలేవి. వాళ్ళందరినీ కొండకి తీసుకెళ్ళే గురుస్వామిగారు అది చూసి, కన్నెస్వామికి శరణఘోష వినిపిస్తోందని మురిసిపోయారు. ఆయనే అన్నాక ఇంకేముంది... జనం కొట్టుకొచ్చి మరీ బాబాయి కాళ్ళకి దండాలు పెట్టడం మొదలెట్టారు. నాన్న లోలోపల పొంగిపోయేవారు.

ఒక మధ్యాహ్నం నేను మజ్జిగ తీసుకెళ్తే బాబాయి నా చెయ్యి పట్టుకున్నాడు.

"వాళ్ళని కాసేపు ఆగమని చెప్పవే చిట్టీ. ఒకటే తిడుతున్నారు," అన్నాడు.

గుమ్మంలోకి చూశాను. ఎవరూ లేరు. భయమేసి పిన్ని దగ్గరికి పరిగెత్తాను.

పిన్ని అంటే బాబాయి భార్య. దీక్షలో భార్య దూరంగా ఉండాలి కదా... ఆవిడ మొగుణ్ణి దగ్గరగా చూసి వారాలైంది. నేను చెప్పింది విని, కొంగు సర్దుకుని తిన్నగా నాన్న ముందుకెళ్ళింది. ఆయన ఎదుట గొంతెత్తి ఎరగని మనిషి.

"బావగారూ, ఆయనకి వినపడేది దేవుడి మాట కాదండి. దేవుడు అలా తిట్టడండి. డాక్టరుకి చూపిద్దామండి."

నాన్న, "మాలలో ఉన్న మనిషిని పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే అపచారం కాదామ్మా? కొండకెళ్ళి రానీ. మాల తీశాక చూద్దాం," అన్నారు.

నాన్న చెడ్డవారు కాదు. తమ్ముడంటే ప్రాణం. కానీ దీక్షలో ఉన్నవాడికి పిచ్చికి మందు వేయించడమంటే ఆయన దృష్టిలో నైవేద్యాన్ని ఎంగిలి చెయ్యడమే. ఊళ్ళో ఎవర్నడిగినా అదే చెప్పేవారు.

భక్తి అబద్ధమని నేననను. మా ఎదురింటి తాపీమేస్త్రి కూడా ఆ ఏడే మాల వేసుకున్నాడు. తాగుడు మానేశాడు, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పేవాడు. ఆయన మొహం తేటపడింది... మా బాబాయి మొహంలో భయం తప్ప ఏమీ లేదు. అది పిన్ని ఒక్కదానికే కనపడింది.

ఇరుముడి కట్టుకుని రైలెక్కారు. దర్శనమైంది. తిరుగు ప్రయాణంలో రాజమండ్రి స్టేషన్లో బాబాయి నీళ్ళ సీసా పట్టుకుని దిగాడట. రైలు కదిలాక, వేరే పెట్టెలో ఎక్కి ఉంటాడులే అనుకున్నారు మిగతావాళ్ళు. తునిలో దిగాక చూసుకుంటే లేడు. ఇక్కడ నాన్నమ్మేమో, తన చేత్తోనే మాల తియ్యాలని కొబ్బరికాయ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

నాన్న ఉన్నపళంగా రాజమండ్రి బయల్దేరారు. స్టేషన్లో పోలీసు ఆనవాళ్ళు అడిగాడు. నల్లబట్టలు, గడ్డం, మెళ్ళో మాల, కాళ్ళకి చెప్పుల్లేవు అని చెప్పారు నాన్న. పోలీసు పాపం మంచివాడే... ప్లాట్‌ఫారం వైపు చూపించాడు.

"అందరూ అలాగే ఉన్నారు కదండీ," అన్నాడు.

గోదావరి రేవుల్లో వెతికారు. సత్రాల్లో వెతికారు. పేపర్లో ఫొటో వేయించారు... పెళ్ళినాటి ఫొటో, నున్నగా గీసిన గడ్డంతో నవ్వుతున్నది. బాబాయి దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

నాన్న పోయేదాకా పిన్ని మొహంలోకి చూసి మాట్లాడలేకపోయారు. పిన్ని బొట్టు తియ్యలేదు. తియ్యమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఇప్పుడు రోజులు మారాయండి. మొన్న కార్తీకంలో మా పక్కింటావిడ కొడుకు, బ్యాంకులో ఉద్యోగం, మాలలో ఉండగా ఇలాగే నిద్ర మానేసి తనలో తను మాట్లాడుకోవడం మొదలెట్టాడు. వాళ్ళమ్మ నాన్చకుండా మాలతోనే కాకినాడ తీసుకెళ్ళి చూపించింది. మందుల వల్ల దీక్షకి ఏ దోషమూ లేదని వాళ్ళ గురుస్వామే దగ్గరుండి బిళ్ళలు వేయించాడు. ఆ అబ్బాయి ఇప్పుడు డ్యూటీకి వెళ్తున్నాడు... మొన్న లిఫ్టులో కనపడి నవ్వాడు కూడా. నేను ఇంట్లోకొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

మీ ఇళ్ళల్లోనూ ఇలా "తర్వాత చూద్దాం" అనుకుని పోగొట్టుకున్నవాళ్ళు ఉంటే రాయండి... దాచుకోకండి. చదివినవాళ్ళలో ఒక్కరైనా ఆగకుండా బయల్దేరితే చాలు.

పక్కింటి అబ్బాయి సంగతి ఫోన్లో చెబితే పిన్ని చాలా సంతోషించింది. "మాలతోనే చూశారా అమ్మా డాక్టరుగారు?" అని అడిగింది.

చూశారన్నాను.

"అప్పుడూ చూసేవారేమో," అంది.