గెలాక్సీ ప్రశ్నకు నేను వేసిన సున్నా

హేతువాదినని చెప్పుకునే పెద్దమనిషీ, నిండు సభలో మీ తప్పును మీ నోటితో ఒక్కసారైనా ఒప్పుకున్నారా? జాతకాలవాళ్ల తప్పుల సంగతి అడగడం లేదు. మీది.

నాది చెబుతాను. అనకాపల్లిలో పదో తరగతి పిల్లల సైన్సు పోటీకి నేనూ, వాదసభల్లో నా పాత తోడు ఒకాయనా న్యాయనిర్ణేతలం. గెలిచిన పిల్లలు విశాఖలో జరిగే పోటీకి వెళ్తారు. చివరి ప్రశ్న నేను తయారుచేసిందే: గెలాక్సీ పుట్టేటప్పుడు వాయుమేఘం కుంగి నక్షత్రాలు కావడానికి ఏం కావాలి? నా కాగితంలో జవాబు ఒక్క మాట. గురుత్వాకర్షణ.

నాతవరం వైపు చెరకు రైతు కూతురు లేచింది.

"అదొక్కటే సాల్దు సార్. కుంగితే మబ్బు వేడెక్కుతాది. ఆ వేడి దాన్ని మళ్లీ బయటికి తోత్తాది. వేడి వెలుతురై పోవాల. పోకపోతే కుంగడం ఆగిపోతాది."

సున్నా వేశాను. విశాఖ ఆమెకు అక్కడే తప్పిపోయింది.

వెనక వరసలోంచి వాళ్లమ్మ అందుకుంది. "ఏటి మాస్టారూ, ఆవిరి పోకుండానే మీ ఇంట్లో కుక్కరు మూతొచ్చేత్తాదేటి?"

హాలంతా గొల్లుమంది. నాకు ఒళ్లు మండింది. "వంటిల్లు వేరు, విశ్వం వేరమ్మా," అన్నాను.

నేల మీది నియమమే నింగిలోనూ అని ఊరూరా అరిచిన నోరు ఇది! విశ్వం వేరన్న మాట ఏ స్వామీజీ అన్నా చీల్చి చెండాడి ఉండేవాణ్ణి.

మర్నాడు పుస్తకం తీశాను. లోపలి ఒత్తిడి మేఘాన్ని నిలబెట్టేస్తుంది. వేడిని వెలుతురుగా వదిలించుకుంటేనే అది కుంగుతూ పోతుంది. పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. వెంటనే నా తోటి న్యాయనిర్ణేతకు ఫోన్ చేశాను.

"ఊరుకో బావా. ఒప్పుకున్నావంటే జాతకాలోళ్లు మనల్ని బతకనిత్తారేటి? ఆ పిల్లే మర్సిపోతాదిలే."

పీఠం కాపాడుకోవడమే పని అయితే, మఠాలేం పాపం చేశాయి? అయినా మూడు రోజులు ఊరుకున్నాను. నాలుగో రోజు ఆ బడికి వెళ్లి, తరగతి అందరి ముందూ చెప్పాను: నీ జవాబు సరైనది, తప్పు నాది.

ఆ పిల్ల నవ్వలేదు. "మరి విశాఖకి ఎవులెల్తన్నారు సార్?"

పేర్ల జాబితా ముందురోజే వెళ్లిపోయింది. నిర్వాహకుల కాళ్లావేళ్లా పడ్డాను. ఇంక కుదరదన్నారు.

మీ చేతిలో ఏ పిల్ల జవాబైనా ఉందా? సున్నా వేసే ముందు పుస్తకం తియ్యండి. వేసేసి ఉంటే, జాబితా గడప దాటకముందే, నలుగురూ చూస్తుండగా ఆ సున్నాను కొట్టెయ్యండి. లేవండి, ఇప్పుడే.