అద్దాలు లేకుండా బియ్యం ఏరిన అత్త

మొన్న మాత్రల అట్ట వెనక చీమతలకాయంత అక్షరాలను అద్దాలు పెట్టుకోకుండానే గడగడ చదివేసి, నా కళ్లకు వయసు తగ్గిందని గొప్పలు చెప్పుకుంటుంటే, నా కోడలు నన్నొక చూపు చూసింది. పొద్దున వీధి చివర తను చెయ్యూపితే నేను పలకలేదట. ఆ చూపు నాకు కొత్త కాదు. ఒకప్పుడు మా అత్తను నేను చూసిన చూపే అది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మా ఆయన ఫ్యాక్టరీ ఉద్యోగం వల్ల రేణిగుంటలో ఉండేవాళ్లం. అద్దాలు లేనిదే బియ్యంలో రాయి పోల్చలేని మా అత్త, ఉన్నట్టుండి ఆ అద్దాలు గూట్లో పెట్టేసి సూదిలో దారం ఎక్కించసాగింది. "కొండ మీద సామే నా కండ్లు మళ్లీ ఇచ్చినాడు పాపా" అంది. నేను నమ్మలేదు. ఎందుకంటే ఆ నెలలోనే మా అమ్మ కార్వేటినగరం నుంచి వచ్చి, సాయంత్రపు ఎదురెండలో గేటు తీస్తుంటే, అరుగు మీదున్న ఈ మనిషే "ఎవురమ్మా అది? ఏం గావాల?" అని అడిగింది. పదేళ్లుగా ఎరిగిన వియ్యపురాలిని! మా అమ్మ మామిడిపళ్ల సంచి అక్కడే దించి, కాఫీ అయినా తాగకుండా తర్వాతి బస్సుకే వెళ్లిపోయింది.

నాటకం బయటపెట్టాలని మర్నాడు బియ్యంలో పన్నెండు తెల్లరాళ్లు కలిపి చేట అత్త ముందు పెట్టాను. అద్దాల్లేకుండా పన్నెండూ ఏరింది. "రాళ్లు కనపడతాయి గానీ మా అమ్మ కనపడదా అత్తా నీకు?" అని ఇరుగుపొరుగు వినేట్టు కడిగేశాను. నిజంగానే కనపడలేదని ఆమె ఎంత చెప్పినా వినలేదు.

అప్పటినుంచి గేటు చప్పుడైతే చాలు, అత్త "రా వదినా, కూసో" అనేది. పూలమ్మే ఆమెనూ అట్లాగే పిలిచింది. నన్ను ఎగతాళి చేయడానికేనని మరింత మండిపడ్డాను. చివరకు కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన మనిషినీ వదినా అంటే, ఆయన "మీసాలు సూడవ్వా, నేను వదిననా?" అని పడీపడీ నవ్వాడు. అత్త నవ్వలేదు, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అప్పుడు గానీ నాకు భయం పుట్టలేదు.

తిరుపతిలో డాక్టరమ్మ శుక్లం అంది. కంట్లోని కటకం నడిమధ్య గట్టిపడి వెలుగును మామూలుకన్నా ఎక్కువ వంచుతోందట. అందుకే కొన్నాళ్లు దగ్గరివి అద్దాలు లేకుండానే తేటగా కనిపిస్తాయి, దూరానివి మసకబారతాయి, ఎదురెండైతే వెలుగు కంట్లోనే చెదిరి ఎదుటి మొహం చెరిగిపోతుంది. ఆమెనూ నమ్మక నాలుగు ప్రశ్నలు వేశాను. ప్రతిదానికీ జవాబు చెప్పింది. కాలేజీలో ఈ కటకాల పాఠమే ఒప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను!

ఆపరేషన్ అయ్యాక మా అమ్మను నేనే వెళ్లి పిలుచుకొచ్చాను. అత్త గేటు దాకా ఎదురెళ్లి, "ఏం వదినా, తల ఇంత నెరిసిపోయిందే!" అంది. బియ్యానికి మళ్లీ అద్దాలు పెట్టుకుంది. తప్పయిందని మాత్రం నేను చెప్పలేదు. అన్నిటికీ లేచే నోరు ఆ ఒక్క మాటకు లేవలేదు.

వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. మా ఇంటికి ఎవరొచ్చినా ముందు ఫోన్ చేసే వస్తున్నారు, గేటు దగ్గర ఆనవాలు పట్టాల్సిన పనే లేదు. వచ్చే వారం నేనూ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఈలోగా సాయంత్రపు ఎండలో గేటు దగ్గర ఎవరో నిలబడినట్టు మసకగా కనిపిస్తే, ఎవరని అడగడానికి నోరు రావడం లేదు. రా, కూసో అనేస్తున్నాను.