నిదానం బిగించిన కవాటాలు

మా మేడలో నీళ్ల పని చేసే అతణ్ని అందరూ నిదానం అంటారు. అసలు పేరు ఎవరూ అడగలేదు; అతడూ చెప్పుకోలేదు. పానా చేతిలోకి వచ్చిందంటే పలకరించినా పలకడు, టీ ఇస్తే చల్లారనిస్తాడు. బిగించిన ప్రతి కవాటాన్నీ అప్పటికప్పుడే మూసి, గుడ్డతో తుడిచి, తడి ఉందేమోనని వేలితో తడిమి చూసుకుంటాడు. ఆ తరువాతే మరొకదాని జోలికి వెళతాడు. కవాటమనే ముచ్చటైన మాట ఉండగా అందరూ వాల్వు అంటారు. అననివ్వండి, నీళ్లు ఆగితే చాలు.

మా వదిన రెండో అంతస్తులో ఆడవాళ్లకు జుట్టు కత్తిరిస్తుంది. తలలు కడిగేది స్నానాలగదిలోని సింకు దగ్గరే. పాత కట్టడం కనుక దాని కింద కవాటాలు లేవు. కుళాయి చెడినప్పుడల్లా డాబా ఎక్కి మేడ మొత్తానికీ నీళ్లు కట్టేయవలసిందే. కిందటిసారి కారిన నీటికి కింది ఇంటి పైకప్పు పెచ్చులూడింది. ఇంకొకసారి కారితే కత్తెర వేరేచోట పెట్టుకోమని ఇంటి యజమాని తేల్చి చెప్పాడు. అందుకే సింకు కిందికి వచ్చే రెండు గొట్టాలకూ కవాటాలు పెట్టమని వదిన నిదానాన్ని పిలిపించింది.

డాబా మీది వాల్వు మూసినవారు దానికొక ఎర్ర తువ్వాలు కట్టడం మా మేడలో ఆనవాయితీ. తువ్వాలు ఉన్నంతసేపూ దాన్నెవరూ ముట్టరు. నిదానం అలాగే కట్టి వచ్చి, గొట్టాలు కోసి, సింకు కింద వెల్లకిలా పడుకున్నాడు. బకెట్టు అందించడానికి నన్ను గుమ్మంలో నిలబెట్టారు.

"ఏం నాయనా, నిద్రపోయావా?" అంది వదిన.

"లేదక్కా. ఈ రెండోది సరిగ్గా కూర్చోవట్లేదు."

"నువ్వు కూర్చోబెట్టేసరికి బయట కూర్చున్నవాళ్ల జుట్టు నెరిసిపోతుంది."

"మంచిదేగా అక్కా, రంగు కూడా వేయించుకుంటారు."

ఇంతలో పై అంతస్తు పిన్నిగారు మబ్బు చూసి, ఆరేసిన బట్టలతోపాటు ఆ ఎర్ర తువ్వాలునూ తీసి మడిచేశారట. నీళ్లు రావడం లేదేమని డాబా ఎక్కిన వాళ్లాయన, తువ్వాలు లేదు కదా అని వాల్వు తిప్పేశాడు.

గొట్టాల్లో గాలి గురగురలాడింది.

"అయిపోయింది. నా కొట్టు కాస్తా పోయింది" అంటూ వదిన చేతికందిన తువ్వాళ్లన్నీ నేలమీద పరిచేసింది.

గురగుర గోడ దిగి, సింకు కిందికి వచ్చి, టక్కున ఆగిపోయింది. రెండోదాన్ని అప్పుడే మూసిన నిదానం దాని అడుగున వేలు పెట్టి చూస్తున్నాడు.

"పొడిగానే ఉందక్కా" అన్నాడు.

వదిన ఆ తువ్వాళ్ల మీదే కూలబడింది. పిన్నిగారు దిగివచ్చి, "ఇదెవరిదమ్మా? తడుస్తుందని తీశాను" అన్నారు.

"మాదే పిన్నిగారూ. ఉంచండి, ఇక మాకు దానితో పనిలేదు" అంది వదిన.

వదిన చల్లారిన టీ పారబోసి, వేడిది తెచ్చి పెట్టింది. నిదానం దాన్నీ చల్లారనిచ్చాడు.